వార్షిక నివేదిక 2024-25: ఈసారి బంతి ఎవరి చేతికి?

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, ఎండాకాలం చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు ఆఫీసు గోడకు అంటించాం. ఈ ఏడాది ఎక్కువ మంది నన్ను నిలదీసింది మన పిల్లల బేస్‌బాల్ జట్టు గురించే: "మావాణ్ణి మొదట ఎందుకు దింపడం లేదు?" అందుకే ఆ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నిరుటి తప్పు ఒప్పుకోవాలి. బాగా విసిరేవాడు ఒక్కడే ఉన్నాడని శనివారం మ్యాచంతా వాడిచేతే వేయించాం. ఆదివారం మళ్లీ వాడికే బంతి ఇచ్చాం. సోమవారం పొద్దున్నే వాళ్లమ్మ ఫోన్. "అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోతున్నాడు సార్." రెండు నెలలు వాడు బంతి ముట్టుకోలేదు. క్రికెట్ అలవాటైన మనకు ఇది తట్టలేదు. క్రికెట్ బౌలర్‌కి పరుగు సాయం ఉంటుంది, ఓవర్ అయ్యాక ఊపిరి పీల్చుకుంటాడు. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ మాత్రం మట్టి దిబ్బ మీద నిలబడే, మోచేయి వంచి కొరడాలా ఝళిపించాలి. ఆ భారమంతా మోచేయి లోపలి లిగమెంట్ (ఎముకలను కలిపే పట్టీ) మీద పడుతుంది.

అందుకే ఈసారి సీజన్‌కి ముందే ఎవరి పని ఏమిటో తేల్చాం. డిసెంబరు వానలకు దిబ్బ కరిగిపోతే రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి, బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేటు నుంచి 60 అడుగుల 6 అంగుళాలు టేపుతో కొలిచి మళ్లీ కట్టాం. మూడు ఆదివారాలు, నెల్లూరు ఎండ ముదరకముందే, నలుగురిని పరీక్షించాం. మూడు రకాల బంతులు వేయగలిగినవాడు స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్. ఒకే బ్యాటర్ రెండు మూడుసార్లు ఎదురొస్తాడు కాబట్టి ఒక్క ఫాస్ట్‌బాల్‌తో నెట్టుకురాలేం. ఎడమచేతివాడు మధ్య ఇన్నింగ్స్‌కి. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ కూడా బంతి వేస్తానన్నాడు కానీ వద్దన్నాం. ప్రతి బంతీ తిరిగి విసిరేది అతనేగా, ఆ చేయి ఇప్పటికే అలసి ఉంటుంది.

నిరుడు మోచేయి నొప్పి పడ్డవాడే అందరికంటే వేగం. ఇరవై బంతుల తర్వాత గురి తప్పుతున్నాడు. అందుకే వాణ్ణి క్లోజర్‌గా, అంటే ఆఖర్లో దిగే పిచర్‌గా పెట్టాం. వాళ్ల నాన్నగారికి కోపం వచ్చింది. "పప్పన్నం అయిపోయాక మజ్జిగకి పిలిచినట్టుందండీ!" నిజానికి ఒక్క పరుగు ఆధిక్యంలో ఆఖరి మూడు ఔట్లు తీయడమే అన్నిటికన్నా టెన్షన్. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

బంతుల లెక్క కోసం అమెరికాలో పిల్లలకు పెట్టిన 'పిచ్ స్మార్ట్' పద్ధతే తీసుకున్నాం. 15, 16 ఏళ్లవాళ్లు రోజుకు 95 బంతులు మించకూడదు. 30 దాటితే మర్నాడు విశ్రాంతి, 76కి చేరితే నాలుగు రోజులు. నోట్‌బుక్ మన రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గారి చేతిలో ఉంది. ప్రతి ఐదు బంతులకు నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత. రెండో ఆదివారం లెక్క ముప్పైకి రాగానే, కోచ్ ఇంకొక్కటి అంటున్నా వినకుండా, పిల్లవాడి చేతిలో బంతి లాక్కున్నారు.

ఆ నోట్‌బుక్ తల్లిదండ్రులు ఎప్పుడైనా చూడవచ్చు. క్యాచర్‌కి ఇంకో గ్లౌజు కావాలి, ఉన్నదాని కుట్లు ఊడిపోయాయి.

ఇట్లు,
కార్యదర్శి