బ్రూక్లిన్ జనాన్ని నిందించడం న్యాయం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో క్రికెట్ పెరుగుతోందనీ, చాలా ఊళ్లలో కొత్త స్టేడియాలు కావాల్సి వస్తుందనీ మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం సంతోషంగా చదవడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక చోట మనసు చివుక్కుమంది. జనం రాకపోతే జట్టు ఊరు మారడం సహజమేనంటూ, 1957లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు చెందిన డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఆడిన చివరి ఆటకు 6,702 మందే వచ్చారని ఉదాహరణ చూపారు. అంకె నిజమే. దానికి చెప్పిన అర్థమే తప్పు. ఆ తప్పు చాలా ఏళ్లుగా చెలామణి అవుతోంది కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

ఆ ఆట జరిగింది సెప్టెంబర్ 24, మంగళవారం రాత్రి, ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో. అప్పటికి టైటిల్ ఆశలన్నీ ముగిసిపోయాయి. ఆ సీజన్‌లో డాడ్జర్స్ 84 ఆటలు గెలిచి, 70 ఓడి, మిల్వాకీ బ్రేవ్స్ కంటే 11 ఆటల వెనుక మూడో స్థానంలో నిలిచింది. ఆ రాత్రి డానీ మెక్‌డెవిట్ అనే కొత్త పిచర్ (బంతి విసిరేవాడు) పిట్స్‌బర్గ్ జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా 2-0తో గెలిపించాడు. మైదానంలో ఆర్గాన్ వాయించే గ్లాడిస్ గూడింగ్ ఆటంతా వీడ్కోలు పాటలే వాయించింది. జట్టు వెళ్లిపోతోందని అధికారికంగా ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

ఎలా తెలుసు? ఆ సీజన్ మొదలయ్యేనాటికే మైదానం అమ్ముడైపోయింది. యజమాని వాల్టర్ ఒమాలీ 1956 అక్టోబర్‌లోనే ఎబ్బెట్స్ ఫీల్డ్‌ను ఒక బిల్డర్‌కు అమ్మేసి, అందులోనే అద్దెకు ఉన్నారు. 1957 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న లీగ్ జట్టును, దాని మైదానాన్ని కొన్నారు. మే 28న ఊరు మారడానికి లీగ్‌లోని జట్ల యజమానులు అనుమతి ఇచ్చేశారు. ఆగస్టులో అదే నగరంలోని మరో జట్టు న్యూయార్క్ జెయింట్స్ తాము శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్నామని తేల్చేసింది. డాడ్జర్స్ సొంత ఊళ్లో ఆడాల్సిన ఆటల్లో ఎనిమిదింటిని నది దాటించి జెర్సీ సిటీలో ఆడించారు. మూటాముల్లె సర్దుకుని గుమ్మంలో నిలబడ్డవాడిని ఎంతకాలమని బతిమాలతారు?

ఇంత జరిగినా ఆ ఏడాది డాడ్జర్స్ ఆటలకు 10,28,258 మంది వచ్చారు. వీధుల మధ్య ఇరుక్కుని, కారు పెట్టుకునే చోటు కూడా సరిగా లేని పాత మైదానం అది. అదే లీగ్‌లో చికాగోకు, పిట్స్‌బర్గ్‌కు, పక్కనే ఉన్న జెయింట్స్‌కు అంతకంటే తక్కువ జనం వచ్చారు. పది లక్షల మందిని వదిలేసి ఒక మంగళవారం రాత్రి లెక్కను పట్టుకుని ఊరిని దోషిని చేయడం ఏం న్యాయం?

బ్రూక్లిన్ వాళ్లకు ఆ జట్టు అంటే ఏమిటో మా పక్కింటి పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. 1957లో ఆయనకు పదకొండేళ్లు. జట్టు వెళ్లిపోయిన కొన్నేళ్లకు ఆయన కుటుంబం కూడా కాలిఫోర్నియా వచ్చేసింది. ఇప్పటికీ ఆట చూస్తున్నంతసేపూ చేతిలో పెన్సిలు, ఒళ్లో అట్ట, అట్ట మీద స్కోర్ షీట్ ఉండాల్సిందే. ఎబ్బెట్స్ ఫీల్డ్ స్కోర్‌బోర్డు మీద షేఫర్ బీరు ప్రకటన ఉండేదట. కొట్టిన బంతిని హిట్‌గా లెక్కిస్తే ఆ పేరులోని ‘హెచ్’ అక్షరం వెలిగేది, ఫీల్డర్ చేసిన పొరపాటుగా (ఎర్రర్) లెక్కిస్తే ‘ఈ’ అక్షరం వెలిగేది. షీట్‌లో గడి నింపేముందు ఏ అక్షరం వెలుగుతుందా అని పెన్సిలు పైకెత్తి ఎదురుచూసేవాళ్లమని చెబుతూ, ఈ రోజుకీ ఆయన అలాగే పెన్సిలు గాల్లో ఆపి కూర్చుంటారు.

డాడ్జర్స్ అనే పేరే ఆ ఊరి వీధుల్లోంచి వచ్చింది. బ్రూక్లిన్‌లో ట్రాములకు అడ్డం పడకుండా తప్పుకుంటూ నడిచే జనం పేరది. 1941 నుంచి 1953 దాకా అయిదుసార్లు వరల్డ్ సిరీస్ ఫైనల్‌లో న్యూయార్క్‌లోనే ఉన్న యాంకీస్ జట్టు చేతిలో ఓడినా ‘వచ్చే ఏడు చూడండి’ అనేవాళ్లు. బెంగళూరు జట్టుతో పాటు ‘ఈ సాలా కప్ నమ్దే’ అని ఏళ్ల తరబడి అన్నవాళ్లకు ఆ బాధ చెప్పనక్కర్లేదు. చివరికి 1955 అక్టోబర్ 4న గెలిచారు. నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసిన పెద్ద లీగుల్లో 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అడుగుపెట్టింది ఎబ్బెట్స్ ఫీల్డ్‌లోనే. అంతటి ఆటగాడిని 1956 డిసెంబర్‌లో జెయింట్స్‌కు ఇచ్చేయబోతే, ఆయన వెళ్లకుండా ఆటే మానుకున్నారు. ఆయన లేని మొదటి సీజన్, ఊరికి చివరి సీజన్ ఒకటే అయ్యాయి.

ఒమాలీ ఒక్కరినే తప్పుపట్టను. అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ రోడ్లు కలిసే చోట రైల్వే స్టేషన్ పక్కన తన డబ్బుతోనే స్టేడియం కడతానన్నారు. స్థలం మాత్రం ప్రభుత్వం సేకరించి ఇవ్వాలన్నారు. ప్రజలు ఎన్నుకోకపోయినా న్యూయార్క్‌లో నిర్మాణాలన్నిటినీ గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ అందుకు ఒప్పుకోలేదు. ప్రైవేటు లాభం కోసం జనం భూమి తీసుకోకూడదన్నారు, క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్ చూపించారు. మోజెస్ మాటలో న్యాయం ఉంది. క్వీన్స్‌కు పోతే అది బ్రూక్లిన్ జట్టు ఎలా అవుతుందన్న ఒమాలీ మాటా నిజమే. కానీ ఈ ఇద్దరూ బ్రూక్లిన్ జనాన్ని ఒక్క మాట కూడా అడగలేదు. 1957 అక్టోబర్ 8న జట్టు లాస్ ఏంజెలెస్ వెళ్లిపోతోందని ప్రకటన వచ్చింది.

అటువైపు లాస్ ఏంజెలెస్‌లో స్టేడియం కోసం జట్టుకు ఇచ్చిన భూమి సంగతీ తెలియాలి. చావెజ్ రవీన్ అనే ఆ కొండల్లో మెక్సికన్ మూలాలున్న కుటుంబాలు ఉండేవి. ప్రభుత్వమే ఇళ్లు కట్టిస్తుందని చెప్పి 1950ల మొదట్లో వాళ్లలో చాలామందిని ఖాళీ చేయించారు. తర్వాత ఆ ఇళ్ల పథకం రద్దయింది. భూమి జట్టుకు వెళ్లింది. 1958 జూన్‌లో పెట్టిన ఓటింగ్‌లో ఆ ఒప్పందం దాదాపు 25 వేల ఓట్ల తేడాతో గట్టెక్కింది. మిగిలిన కొద్దిమందిని 1959 మే నెలలో పోలీసులు ఇళ్లలోంచి మోసుకొచ్చి బయట పడేశారు. నిర్వాసితులు అనే మాట మన తెలుగు నేల మీద ఎంత బరువైనదో మీకు తెలుసు.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకు ఒక మాట. నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. మా పక్క ఊరు ఓక్లండ్‌లో 1968 నుంచి ఆడిన ఏస్ బేస్‌బాల్ జట్టు 2024 సెప్టెంబర్ 26న కొలిజియం అనే స్టేడియంలో చివరి ఆట ఆడింది. ఆ జట్టు అంతకుముందు ఫిలడెల్ఫియాను, కాన్సస్ సిటీని వదిలి వచ్చినదే. మా ఫ్రీమాంట్‌లో స్టేడియం కడతామని 2006లో ప్రకటించి, 2009లో ఆ మాట వదిలేశారు. చివరికి లాస్ వెగాస్‌కు వెళ్తున్నారు. అక్కడి స్టేడియానికి నెవాడా రాష్ట్రం 38 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇస్తోంది. ఓక్లండ్‌లో చివరి ఆటకు 46 వేల మందికి పైగా వచ్చారు. ఆట అయ్యాక జనం మైదానం మట్టిని కప్పుల్లో నింపుకుని తీసుకెళ్లడం చూశాను. పక్కింటి పెద్దాయన మట్టి తీసుకోలేదు. స్కోర్ షీట్ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నా భుజం పట్టుకుని మెట్లు దిగారు.

తొమ్మిది నెలలు తిరగకుండానే, 2025 జూన్ 12న, అదే కొలిజియంలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. ఫిన్ అలెన్ 19 సిక్సర్లతో 151 కొట్టాడు. మా చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతోమంది పిల్లాజెల్లతో వచ్చారు. నేనూ అరిచి గొంతు పోగొట్టుకున్నాను. అందుకే భయం. రేపు ఈ క్రికెట్ జట్ల కోసం స్థలం కావాలనీ, పన్ను మినహాయింపు కావాలనీ మన ఊళ్ల కౌన్సిళ్ల ముందుకు వచ్చినప్పుడు ఆట మీద ప్రేమతో ముందుగా చేతులెత్తేది మనవాళ్లే.

ఎత్తండి, వద్దనను. ఎత్తేముందు అడగాల్సినవి అడగండి. భూమి ఎవరి పేర ఉంటుంది? అక్కడ ఇప్పుడు ఎవరున్నారు? జట్టు ఎన్నేళ్లు ఉంటానని రాతపూర్వకంగా ఒప్పుకుంది? మధ్యలో పోతే ఊరికి ఏం కడుతుంది? ఊరికి జట్టులో వాటా ఉందా? వాటా అంటే నవ్వే వాళ్లున్నారు. 1957 సెప్టెంబర్ 29న డాడ్జర్స్ బ్రూక్లిన్ పేరుతో తన ఆఖరి ఆట ఫిలడెల్ఫియాలో ఆడి ఓడింది. సరిగ్గా అదే రోజు విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే అనే చిన్న ఊళ్లో ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కొత్త స్టేడియం తెరిచింది. ఆ స్టేడియానికి ఊరి జనమే ఓటేశారు. ఆ జట్టు వాటాలు మామూలు జనం చేతుల్లో ఉన్నాయి. అది ఈ రోజుకీ గ్రీన్ బేను వదిలి వేరే ఊరికి మారలేదు.

సంపాదకులు గారూ, మీ పత్రికను ఇక్కడ చాలామంది తెలుగువాళ్లు ఫోన్‌లో పొద్దున్నే చదువుతారు. క్రికెట్ స్టేడియాల గురించి ఈసారి రాసినప్పుడు సిక్సర్ల లెక్కతో పాటు ఆ ఊరితో జట్టు చేసుకున్న ఒప్పందంలో ఏముందో కూడా అచ్చు వేయండి. ఆ 6,702 మంది గురించి మళ్లీ రాయాల్సి వస్తే, మైదానం అమ్ముడైపోయిందని తెలిసి కూడా వచ్చినవాళ్లని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా