మైయర్స్ లేడని తిట్టించుకున్న సినిమా

సంపాదకులకు,

'హాలోవీన్' అనే అమెరికన్ హారర్ సినిమాల వరుసలో మూడో భాగాన్ని చెత్త సీక్వెల్ అంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1982లో అమెరికా ప్రేక్షకులు మొదటి రెండు భాగాల్లో కత్తి పట్టి చంపిన హంతకుడు మైకేల్ మైయర్స్ కోసం టికెట్ కొన్నారు. తీరా చూస్తే అతని కథే కాదు, పిల్లల ప్రాణాలు తీసే మాస్కుల కథ! కోపం రాదా మరి? పోస్టర్ మీద ఆ సంగతి ముందే చెప్పాల్సింది.

తెనాలిలో క్యాసెట్లు అద్దెకిచ్చే రోజుల్లో, మొదటి రెండూ చూడకుండానే నేను దీన్ని చూశాను. మాటిమాటికీ వచ్చే ఆ టీవీ ప్రకటన పాట, చివర్లో హీరో ఫోన్ పట్టుకుని ఆపండంటూ అరిచే అరుపు నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వలేదు. భాగానికో కొత్త కథ చెప్పాలన్న, మొదటి భాగం దర్శకుడు జాన్ కార్పెంటర్ ఆలోచన దీంతోనే ఆగిపోయింది. 1988లో మైయర్స్‌నే మళ్లీ తెచ్చారు. మీ సినిమా పేజీలో దీని గురించి ఒక్కసారి రాయండి.

– మాజీ వీడియో షాపు యజమాని, తెనాలి