మేత సంచి మీద లైసిన్ ఎంతో రాయించండి

సంపాదకులకు నమస్కారం.

ఆ మధ్య మీ జిల్లా పేజీలో బ్రాయిలర్ కోళ్ల గురించి ఒక వార్త వచ్చింది. మేతలో ఏవేవో పొడులు కలిపి నలభై రోజుల్లో కోళ్లను పెంచేస్తున్నారని అందులో ఉంది. ఏ పొడులో మాత్రం రాయలేదు. ఆ ఆదివారం నేను షాద్‌నగర్‌లో, మా కోళ్లు తీసుకునే చికెన్ షాపు దగ్గర బాకీ డబ్బుల కోసం నిలబడి ఉన్నాను. ఒకామె చిన్నపిల్లను చంకనేసుకుని వచ్చింది. అరకిలో కొట్టమని చెప్పి, మళ్లీ ఆగి, "వద్దులే అన్నా, పొడులు పోసిన కోడి పిల్లలకు పెట్టొద్దంటున్నారు, నాటుకోడి ఉందా?" అని అడిగింది. నాటుకోడి రేటు విని ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది. ఆ పొడులు కలిపేది నాలాంటివాళ్లమే. మా షెడ్డులో అయితే నా చేత్తోనే కలుపుతాను. అందుకే ఈ ఉత్తరం.

మాది రంగారెడ్డి జిల్లా ఫరూఖ్‌నగర్ మండలంలో ఒక ఊరు. ఐదు వేల కోళ్ల షెడ్డు, మా మామయ్య కట్టించింది. మా చుట్టుపక్కల ఇప్పుడు చాలామంది కంపెనీలకు పెంచి ఇస్తున్నారు. పిల్లలు వాళ్లవే, మేత వాళ్లదే, కిలోకు ఇంత అని పెంపకం కూలి రైతుది. మేము ఇంకా సొంతంగానే చేస్తున్నాం. తొమ్మిదేళ్లుగా మేత లెక్క నాది, అమ్మకం మా ఆయనది.

ఆ పొడుల పేర్లు మెథియోనిన్, లైసిన్, థ్రియోనిన్. మూడూ అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ దేనితో తయారవుతుందో ఆ ముక్కలు. మనం అన్నంలో పప్పు కలుపుకుని తింటాం కదా. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. కోడికి అన్నం లాంటివి మక్కలు, పప్పు లాంటిది సోయా చెక్క, అంటే సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలేది. అయితే కోడిపిల్ల మనలాగా నెమ్మదిగా పెరగదు. నలభై గ్రాముల పిల్ల వారం తిరిగేసరికి నాలుగు రెట్లు దాటుతుంది, పైగా ఒంటినిండా ఈకలు మొలవాలి. ఈకకు గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి, అంటే మెథియోనిన్, దాని నుంచి తయారయ్యే సిస్టీన్. మక్కలు, సోయా ఎంత బాగా కలిపినా మెథియోనిన్ దగ్గర లోటు పడుతుంది. దాని తర్వాత లైసిన్, ఆ తర్వాత థ్రియోనిన్. పెంటకుప్ప కెలికే నాటుకోడి ఆ లోటును చెదలతో, పురుగులతో పూడ్చుకుంటుంది. మా మామయ్య కాలంలో ఎండుచేపల పొడి వేసేవారు. అందులో ఇసుక, ఉప్పు కలిపి అమ్మేవాళ్లని, కోడి కోస్తే నీచు వాసన వచ్చేదని ఆయన ఇప్పటికీ చెబుతుంటారు.

టన్ను మేతకు నేను వేసే మెథియోనిన్ రెండున్నర కిలోలు, లైసిన్ రెండు కిలోలు, థ్రియోనిన్ కిలో లోపే. మెథియోనిన్ తెల్లగా, సన్న పంచదారలా మెరుస్తుంది. సంచి విప్పితే ఉడికిన క్యాబేజీ వాసన గుప్పుమంటుంది, అది గంధకం వాసన. రెండున్నర కిలోలను నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. అందుకని ముందు పది కిలోల మక్క పిండిలో చేత్తో కలిపి, రెండుసార్లు జల్లించి, అప్పుడు మిక్సర్‌లో పోస్తాను. ఒక కోడి చనిపోయేదాకా తినే మేత నాలుగు కిలోల లోపే ఉంటుంది. అందులో ఈ మెథియోనిన్ పది గ్రాములు కూడా ఉండదు. లైసిన్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఆ తల్లి భయపడేది కాదు. పాలలో తోడు వేసినట్టే చక్కెర ద్రావణంలో సూక్ష్మజీవులను వేసి పులియబెట్టి తీస్తారు. 1950ల చివర్లో జపాన్‌లో ఈ పద్ధతి మొదలైంది. మెథియోనిన్‌ను మాత్రం ఎక్కువగా రసాయన పద్ధతిలో చేస్తారు. కానీ కోడి కడుపులోకి వెళ్లాక సోయాలోని మెథియోనిన్ చేసే పనే అదీ చేస్తుంది.

హార్మోన్ ఇంజెక్షన్లు అని కూడా జనం అంటున్నారు. పెరుగుదల హార్మోన్ కూడా ఒక ప్రోటీనే. మేతలో వేస్తే అరిగిపోతుంది. ఇంజెక్షన్ చేయాలంటే ఐదు వేల కోళ్లను ఒక్కొక్కదాన్నే పట్టుకోవాలి, అదీ మళ్లీ మళ్లీ. మా షెడ్డులో పని చేసేది నేను, మా ఆయన, ఇంకో కుర్రాడు. కోడి ఇంత త్వరగా పెరగడానికి పెద్ద కారణం జాతి. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి జాతిని, 1978 నాటి జాతిని, 2005 నాటి జాతిని ఒకే మేత పెట్టి పక్కపక్కనే పెంచి చూశారు. 56 రోజులకు 1957 కోడి 905 గ్రాములు తూగింది, 1978 కోడి 1,808 గ్రాములు, 2005 కోడి 4,202 గ్రాములు. మేత ఒకటే. ఏళ్ల తరబడి బాగా పెరిగే కోళ్లను ఏరి వాటి పిల్లలనే పెంచుతూ వచ్చిన ఫలితం ఇది. అలా పెరిగే శక్తి ఉన్న పిల్లకు దానికి తగ్గ తిండి పెట్టాలి. తక్కువైతే అది ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

యాంటీబయోటిక్స్ గురించి జనం భయపడితే మాత్రం ఆ భయం న్యాయమైనదే. కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను 2019లో మన దేశంలో పశువులకు, కోళ్లకు వాడకుండా నిషేధించారు, అది మంచి పని. దాని మీద మీరు ఎంత గట్టిగా రాసినా నేను మీ వెంటే ఉంటాను. ఆ మందునూ ఈ పొడులనూ ఒకే గంపలో వేయవద్దనే నా విన్నపం.

ఇప్పుడు అసలు నా బాధ చెబుతాను. సోయా రేటు ఎలా ఎగిరిపోతుందో 2021లో అందరం చూశాం. కిలో తొంభై దాటితే కేంద్రం 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటి నుంచి సోయాకు బదులు ఏది దొరుకుతుందా అని మేత తయారుచేసేవాళ్లు వెతుకుతూనే ఉన్నారు. ఈమధ్య ఒక బ్యాచ్‌కు మా మిక్సర్ మోటారు కాలిపోయింది. బాగు చేయించేదాకా అని పిల్లలకు పదో రోజు నుంచి బయట మేత కొన్నాం. సంచి మీద ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, అన్నీ శాతాల్లో రాసి ఉన్నాయి. ప్రోటీన్ 20 శాతం. నేను వేసేదీ అంతే కదా అనుకున్నాను.

ఇరవై రోజులకే తేడా తెలిసింది. మెడ మీద, వీపు మీద ఈకలు పలుచబడ్డాయి, ఒకదాని ఈకలు ఒకటి పొడుచుకోవడం మొదలైంది. తొట్టిలో మేత మాత్రం ఎప్పటిలాగే ఖాళీ అవుతోంది. ముప్పై రోజులప్పుడు ఒక కోడిని పట్టుకుని రొమ్ము కింద చెయ్యి పెడితే, మాంసం నిండి గుండ్రంగా ఉండాల్సిన చోట ఎముక కత్తి అంచులా తగిలింది. షెడ్డు నేల మీద పరిచిన ఊక తడిసి ముద్దకట్టింది. తెల్లవారుజామున పరదాలు ఎత్తడానికి వెళ్తే అమ్మోనియా ఘాటుకు కళ్లు తెరవలేకపోయేదాన్ని. మనిషినైన నేను బయటికి వచ్చేయగలను, అవి ఆ ఊక మీదే పడుకోవాలి. కొన్నింటి పాదాల కింద నల్లగా పుండ్లు పడ్డాయి. ఆ టెన్షన్‌లో నాకు నిద్ర ఉండేది కాదు.

మామూలుగా నలభై రోజులకు సగటున 2.2 కిలోలు వచ్చే కోడి, ఆ బ్యాచ్‌లో 42 రోజులకు 1.8 దగ్గర ఆగింది. కిలో బరువుకు 1.65 కిలోల మేత పట్టేది 1.95 పట్టింది. చివరికి మిగిలిన 4,800 కోళ్ల మీద లెక్కేస్తే, మేత ఇంచుమించు ఎప్పుడూ తిన్నంతే తిన్నాయి, మాంసం మాత్రం రెండు టన్నులకు కాస్త తక్కువగా తగ్గింది. మేత అమ్మినాయన్ని అడిగితే పిల్లల్లో లోపం ఉందన్నాడు. పిల్లలు ఇచ్చినాయన నీళ్లలో లోపం అన్నాడు. నీళ్లు పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయి. మేత పరీక్ష చేయించాం, ప్రోటీన్ 20.4 వచ్చింది. మేత అమ్మినాయన ఆ కాగితం మా ముందే చదివి, తిరిగి ఇచ్చేసి వెళ్లిపోయాడు.

మా పశువైద్యుడు గారు ఆ కాగితం చూసి ఒక్కటే అడిగారు: "అమ్మా, ఇందులో లైసిన్ ఎంత?" ఎక్కడా లేదు. అప్పుడు ఆయన చెప్పిన సంగతి ప్రతి కోళ్ల రైతుకూ తెలియాలి. మేతలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. డెన్మార్క్ శాస్త్రవేత్త కెల్డాల్ 1883లో కనిపెట్టిన పద్ధతిలో నత్రజని ఎంత ఉందో చూసి, దాన్ని 6.25తో గుణిస్తారు. ఆ నత్రజని మంచి ప్రోటీన్ నుంచి వచ్చిందా, చెడ్డదాని నుంచి వచ్చిందా, యూరియా నుంచి వచ్చిందా అనేది ఆ లెక్కకు తెలియదు. యూరియాలో 46 శాతం నత్రజని. కిలో యూరియా కలిపితే దాదాపు మూడు కిలోల ప్రోటీన్ ఉన్నట్టు కాగితం మీద కనబడుతుంది. 2008లో చైనాలో పాలలో నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ అనే రసాయనం కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసింది ఈ సందు చూసుకునే.

మా మేతలో యూరియా లేదు. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి, డీడీజీఎస్ అంటారు, అది ఎక్కువగా ఉంది. బియ్యం నుంచి వచ్చిన పిప్పిలో ప్రోటీన్ దాదాపు సోయా చెక్కతో సమానంగా కనబడుతుంది. లైసిన్ మాత్రం సోయాలో ఉన్నదానిలో సగం ఉంటే గొప్ప. పైగా ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే ఆ కాస్త లైసిన్ కూడా చక్కెరలతో అతుక్కుపోయి కోడికి అందదు. రొట్టె కాల్చినప్పుడు ఎర్రబడుతుందే, అలాంటి మార్పే. డీడీజీఎస్ చెడ్డ వస్తువు అని నేను అనను. అది ఎంత వేశారో తెలిసి, దానికి తగ్గట్టు లైసిన్ పొడి కలిపితే బాగానే పనిచేస్తుంది. కలపకుండా ప్రోటీన్ అంకె ఒక్కటీ సరిచేసి అమ్మితేనే రైతు మునిగిపోతాడు.

మూడు పాయలతో జడ వేస్తాం. ఒక పాయ పొట్టిగా ఉంటే జడ అక్కడికే ఆగుతుంది. మిగతా రెండు పాయలు నడుము దాకా ఉన్నా ఊరికే వేలాడతాయి. కోడి ఒంట్లో లైసిన్ తక్కువైనప్పుడు జరిగేది అదే. వాడుకోలేని మిగతా అమైనో ఆమ్లాలను అది దాచుకోలేదు, యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టలో వదిలేస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి నీళ్లు ఎక్కువ తాగుతుంది. మా ఊక ఎందుకు తడిసిందో, కళ్లు ఎందుకు మండాయో నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు నేను ప్రోటీన్ ఒక శాతం తగ్గించి, మూడు పొడులూ లెక్క ప్రకారం వేస్తున్నాను. అలా తగ్గించిన ప్రతి శాతానికీ రెట్టలో పోయే నత్రజని పదో వంతు దాకా తగ్గుతుందట. ఊక పొడిగా ఉంటోంది. ఊళ్లో వాసన గురించి అనే మాటలు కూడా తగ్గాయి.

ఒక నమూనాను అమైనో ఆమ్లాల పరీక్షకు ప్రైవేటు ల్యాబ్‌కు పంపాం. అది ఘాటైన ఆమ్లంలో 24 గంటలు ఉడికించి చేసే పరీక్ష, ఖర్చు ఎక్కువ. ఫలితం వచ్చేసరికి కోళ్లు ఎప్పుడో లారీ ఎక్కేశాయి. లైసిన్ 0.78 శాతం అని వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ 2007 ప్రమాణం, ఐఎస్ 1374, చివరి దశ బ్రాయిలర్ మేతకు కనీసం 1 శాతం లైసిన్, 0.45 శాతం మెథియోనిన్ ఉండాలంటోంది. పిల్లల మేతకు ఇంకా ఎక్కువ. అంటే ఎంత ఉండాలో దేశానికి తెలుసు. సంచి మీద రాయాలనే తోచలేదు.

నేను అడిగేది ఇదే. మేత సంచి మీద ప్రోటీన్ పక్కనే లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్ ఎంతెంతో, అందులో కోడికి అరిగేది ఎంతో అచ్చు వేయాలి. సోయాకు బదులు ఏం వాడారో పేరు రాయాలి. జిల్లాకొక ప్రభుత్వ ల్యాబ్‌లో కాంతి కిరణాలతో నిమిషాల్లో అంచనా చెప్పే నియర్ ఇన్‌ఫ్రారెడ్ యంత్రం పెట్టాలి, రైతు భరించగల ఫీజుకు. మాకు గంట ప్రయాణంలో రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. వాళ్లకు తెలియని విషయం కాదు ఇది. సంచి మీద ఆ పేర్లు ఉంటే నాకు మేత ఎలాంటిదో తెలుస్తుంది, చికెన్ షాపు దగ్గర ఆ తల్లికీ పొడి ఏమిటో తెలుస్తుంది. పేరు దాచడం వల్లే ఇద్దరం దెబ్బతిన్నాం.

మా షెడ్డు తలుపు పక్కన చిన్న నల్లబల్ల పెట్టాను. ఈ బ్యాచ్‌కు టన్నులో ఏమేం వేశానో కిలోల లెక్కన సుద్దతో రాసి ఉంది. మీ విలేకరిని పంపండి, ఫోటో తీసుకుని వేయండి. వచ్చేటప్పుడు చెప్పులు బయట విడిచి, కాళ్లు మందునీళ్లలో ముంచి లోపలికి రమ్మనండి. పిల్లలు ఇంకా పన్నెండు రోజులవే.

ఇట్లు,
ఒక బ్రాయిలర్ రైతు,
ఫరూఖ్‌నగర్ మండలం, రంగారెడ్డి జిల్లా