ముందు సెన్సర్, ఆ తర్వాతే టర్బో

సంపాదకులకు నమస్కారం.

పాత పెట్రోలు కారుకు ఇంట్లోనే టర్బో (ఇంజన్‌లోకి అదనంగా గాలి తోసే యంత్రం) బిగించుకోవడం గురించి మీ ఆటో పేజీలో వచ్చిన వ్యాసంలో ఒక వాక్యాన్ని వెంటనే సరిదిద్దాలి. గాలి ఎక్కువైతే కారులో ఉన్న ఆక్సిజన్ సెన్సరే కనిపెట్టి పెట్రోలు పెంచుకుంటుందని అందులో రాశారు. పెంచుకోదు. ఆ మాట నమ్మి పని మొదలుపెడితే మొదటి వారంలోనే పిస్టన్లు పోతాయి. మిగతా వ్యాసంలో కూడా చెప్పాల్సినవి కొన్ని మిగిలిపోయాయి కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడవైంది, మన్నించాలి.

మన రోడ్ల మీద తిరిగే మామూలు పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) ముందు ఉండేది జిర్కోనియా నారోబ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్. సుమారు 300 డిగ్రీల వేడెక్కాకే పని మొదలుపెడుతుంది. మిశ్రమం పలచనైతే (పెట్రోలు తక్కువైతే) 0.1 వోల్టు, చిక్కనైతే (పెట్రోలు ఎక్కువైతే) 0.9 వోల్టు ఇస్తుంది. సరిగ్గా సమపాళ్లలో, అంటే లాంబ్డా (ఉన్న గాలిని, పెట్రోలు పూర్తిగా మండడానికి కావలసిన గాలితో భాగిస్తే వచ్చే అంకె) 1 దగ్గర, 0.45 దాటుతూ అటూ ఇటూ ఊగుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని చెప్పగలదే గానీ ఎంత ఎక్కువైందో చెప్పలేదు. లాంబ్డా 0.9 ఉన్నా 0.75 ఉన్నా దాని లెక్కలో దాదాపు ఒకటే. అదీగాక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఈ సెన్సర్ మాట వినడం మానేసి, తన పట్టికలో రాసి ఉన్నంత పెట్రోలే పోస్తుంది. టర్బో లేని కారులో ఆ పట్టిక వాతావరణ పీడనం దగ్గర, అంటే 100 కిలోపాస్కల్స్ దగ్గర ఆగిపోతుంది. మ్యానిఫోల్డులోని (ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టంలోని) ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ కూడా అంతకు కాస్త పైన కళ్లు మూసుకుంటుంది. టర్బో అదనంగా నూటికి 30 వంతుల గాలి తోసినా ఈసీయూకు తెలియదు. ఫుల్ థ్రాటిల్‌లో 0.88 ఉన్న లాంబ్డా 1.14కు ఎగబాకుతుంది. బరువు మీద ఉన్న ఇంజన్‌కు అంత పలచని మిశ్రమం ఇస్తే నాకింగ్, అంటే మిశ్రమం తనంతట తానే పేలడం, రాక ఏం వస్తుంది? కొన్ని కొత్త కార్లలో ముందు సెన్సరే వైడ్‌బ్యాండ్ (ఎంత తేడా ఉందో కూడా కొలిచేది) ఉంటుంది నిజమే. అక్కడా పట్టికలో లేని గాలికి అది ఏమీ చేయలేదు.

అందుకే పని వరుస తిరగెయ్యమంటున్నాం. టర్బో కొనకముందే వైడ్‌బ్యాండ్ సెన్సర్, దాని కంట్రోలర్ పెట్టి, కారు ఉన్నది ఉన్నట్టుగా కొన్నాళ్లు నడిపి రీడింగులు రాసుకోవాలి. బజారులో ఎక్కువగా దొరికేది బాష్ ఎల్ఎస్‌యూ 4.9. మర ఎం18×1.5. సెన్సర్ నుంచి ఐదు తీగలే వస్తాయి, కనెక్టరులో మాత్రం ఆరు పిన్నులుంటాయి. ఆరోది ఎందుకంటే, కనెక్టరు లోపలే ఆ సెన్సర్‌కు సరిపోల్చిన చిన్న రెసిస్టర్ ఒకటి ఉంటుంది. తీగ చాలలేదని కనెక్టరు కోసేసి అతికించారంటే ఆ రెసిస్టర్ చెత్తబుట్టలోకి పోయినట్టే. అక్కడి నుంచి రీడింగు మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. నారోబ్యాండ్ తీగల సంగతి ఇంకోటి. చాలా సెన్సర్లు పోలిక కోసం కావలసిన బయటి గాలిని తీగల సందుల్లోంచే పీల్చుకుంటాయి. వాటికి సోల్డరింగ్ చేయకూడదు, కనెక్టరు మీద క్లీనర్ స్ప్రే కొట్టకూడదు. క్రింపింగే చేయాలి.

బిగించే చోటు టర్బో తర్వాత, కన్వర్టర్ ముందు, టర్బైన్ నోటి నుంచి 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. టర్బోకు ముందు పెడితే అక్కడి వేడి సెన్సర్‌ను తినేస్తుంది, అక్కడి ఒత్తిడి రీడింగును తప్పుదారి పట్టిస్తుంది. పైపును ఎదురుగా గడియారంలా ఊహించుకుంటే సెన్సర్ పదికీ రెండుకూ మధ్య నిలబడాలి. కిందివైపు పెడితే తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్‌లో చేరిన నీటి తేమ, ఎర్రగా కాలిన పింగాణీ మీద పడుతుంది. రెండు చుక్కలు చాలు, లోపల సన్నగా చిట్లుతుంది. పైపుకు మర ఉన్న బాస్ (సెన్సర్ బిగించే లోహపు రింగు) వెల్డ్ చేసేటప్పుడు పాత సెన్సరో బోల్టో అందులో తిప్పి ఉంచితే మర వంకరపోదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగటివ్, ఈసీయూ కనెక్టరు రెండూ తీయాలి. మర మీద మాత్రమే యాంటీ సీజ్ (మర పట్టేయకుండా చేసే పేస్టు) పూసి, 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల బిగువు ఇవ్వాలి.

కంట్రోలర్ ఎర్త్‌ను దగ్గర్లో కనిపించిన బోల్టుకు కట్టేయడం అందరూ చేసే పొరపాటు. సెన్సర్ లోపలి హీటర్ ఆంపియర్లలో కరెంటు లాగుతుంది. సన్నటి ఎర్త్ తీగలో ఆ కరెంటు వల్ల 0.1 వోల్టు పడిపోయిందనుకోండి. 0 నుంచి 5 వోల్టులకు 10 నుంచి 20 గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే స్కేలులో అది 0.2 తేడా. 11.8 ఉందనుకున్నది 12.0 అయి కూర్చుంటుంది. హీటర్ ఎర్త్ ఇంజన్ బ్లాకుకు, సిగ్నల్ ఎర్త్ ఈసీయూ సెన్సర్ ఎర్త్ ఉన్నచోటికి పోవాలి. ఇంకో మాట: కరెంటు ఇవ్వకుండా సెన్సర్‌ను సైలెన్సర్‌లో ఊరికే బిగించి నడపకూడదు. హీటర్ లేని సెన్సర్ మీద మసి గడ్డకడుతుంది.

రీడింగును నిష్పత్తిలో కాక లాంబ్డాలో చదవడం అలవాటు చేసుకోవాలి. స్వచ్ఛమైన పెట్రోలుకు సమపాళ్లు 14.7 అయితే ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఇ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు) అది సుమారు 13.5. మీటరు మాత్రం లాంబ్డా 1 అయితే చాలు, పాత లెక్కలోనే 14.7 అని చూపిస్తుంది. లాంబ్డాకు ఈ గొడవ లేదు. బూస్టులో, అంటే టర్బో అదనపు ఒత్తిడితో గాలి తోస్తున్నప్పుడు, 0.78 నుంచి 0.82 మధ్య ఉంచాలి.

ఇక పెట్రోలు లెక్క. 83 హార్స్ పవర్ ఉన్న 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను 120కి తీసుకెళ్లాలనుకుందాం. టర్బో పెట్రోలు ఇంజన్ ఒక్కో హార్స్ పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 120కి గంటకు 32 కిలోలు దాటుతుంది. అంటే 44 లీటర్లు, నిమిషానికి 730 సీసీ. పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లకు పంచి, ఏ ఇంజెక్టరూ 85 శాతం సమయానికి మించి తెరిచి ఉండకూడదని లెక్కిస్తే ఒక్కోటి 215 సీసీ ఇవ్వాలి. ఇ20కి తొమ్మిది శాతం కలిపితే 235. పాత ఇంజెక్టర్ల సామర్థ్యం దీని పక్కన పెట్టి చూసుకున్నాకే ముందుకు పోవాలి.

దీని అడుగున ఇంకో తిరకాసు ఉంది. ట్యాంకులోనే రెగ్యులేటర్ ఉన్న కార్లలో, వెనక్కి తిరిగే పైపు ఉండదు కాబట్టి, పెట్రోలు ఒత్తిడి ఎప్పుడూ ఒకటే. 3 బార్ అనుకుందాం. మ్యానిఫోల్డులో 0.4 బార్ బూస్టు ఎదురు తోస్తుంటే ఇంజెక్టర్‌కు మిగిలేది 2.6. పెట్రోలు ఏడు శాతం తగ్గిపోతుంది, అదీ ఎక్కువ కావలసిన సమయంలోనే. ఈ ఏడు శాతాన్ని పట్టికలోనైనా కలపాలి, లేదా మ్యానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి పెరిగే రెగ్యులేటర్ పెట్టి తిరుగు పైపు వేయాలి. మ్యాప్ సెన్సర్ 2.5 బార్‌ది మార్చి, ఈసీయూను కొత్త పట్టికతో రాయించాలి. లేదంటే స్పీడ్‌యునో లాంటి విడి ఈసీయూ కట్టాలి. మ్యాప్ సెన్సర్ తీగకు రెసిస్టర్ కట్టి ఈసీయూను బురిడీ కొట్టించే 'కిట్లు' అమ్ముతున్నారు. వాటికి పెట్టే డబ్బు దండగ.

టర్బో విషయానికొస్తే, తుక్కు కొట్లలో తేలిగ్గా దొరికేవి 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజన్లవి. 75 హార్స్ పవర్ ఇంజన్‌కు వచ్చిన కేపీ35 రకానికి కదిలే రెక్కలు లేవు, సైజు సరిపోతుంది. 90 హార్స్ పవర్ దానికి వచ్చిన కదిలే రెక్కల రకం జోలికి పోవద్దు. పెట్రోలు పొగ 950 డిగ్రీల దాకా పోతుంది. డీజిల్ వేడికి చేసిన ఆ రెక్కలు బిగుసుకుపోతాయి. కేపీ35 కూడా ఎక్కువకాలం ఆ వేడిని ఓర్చేదేమీ కాదు, ఎక్కువసేపు ఫుల్ లోడ్ మీద తొక్కకూడదు. దాని వేస్ట్‌గేట్ (బూస్టు మితిమీరకుండా పొగను పక్కకు వదిలే తలుపు) స్ప్రింగు డీజిల్ ఒత్తిడికి లెక్కగట్టింది. బూస్ట్ కంట్రోలర్ పెట్టి బూస్టు పెంచగలరు గానీ స్ప్రింగు కంటే తగ్గించలేరు. మెత్తని స్ప్రింగున్న యాక్చువేటర్ మార్చాల్సిందే. సంపీడన నిష్పత్తి 11:1 ఉన్న ఇంజన్‌కు, లోపలి భాగాలు మార్చకుండా, 0.3 నుంచి 0.4 బార్ పరిమితి. మారుతి తన బాలెనో ఆర్ఎస్ టర్బోకు నిష్పత్తిని 10కి దించి, పెట్రోలు నేరుగా సిలిండర్‌లో చిమ్మే పద్ధతి పెట్టుకుంది. ఇంట్లో చేసేవాళ్లకు ఆ రెండు వెసులుబాట్లూ లేవు.

టర్బోలు పోయేది ఎక్కువగా ఆయిల్ తిరుగు పైపు వల్ల. ఆయిల్ సన్నటి గొట్టంలో ఒత్తిడితో వస్తుంది, వెళ్లేటప్పుడు నురగై తన బరువుతోనే జారుతుంది. తిరుగు పైపు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 19 అయితే నిశ్చింత. ఎక్కడా మెలిక, ఎగుడు ఉండకుండా ఏటవాలుగా దిగి, సంప్‌లో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. మట్టం కింద కలిపితే నురగ వెనక్కి తన్ని, సీళ్లు దాటి, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది. చాలామంది టర్బో పాడైందని ఇంకోటి కొంటారు, అదీ పొగ విడుస్తుంది. ఈ ఆయిల్ బూడిద సెన్సర్ ముక్కు మీద పేరుకుని దాని స్పందన మందగిస్తుంది, అందుకే పొగ ఆగాక సెన్సర్‌నూ తీసి చూడాలి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్ కనెక్టర్లు తీసి, పది పదిహేను సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆయిల్ టర్బో దాకా చేరేలా చూడాలి.

ఇంటర్‌కూలర్ ఎందుకులే అనేవాళ్లు రోహిణీ కార్తె ఎండను గుర్తుంచుకోవాలి. 45 డిగ్రీల గాలిని 0.5 బార్‌కు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైనా, బయటికి వచ్చేది 100 డిగ్రీలు. ఓ మాదిరి ఇంటర్‌కూలర్ దాన్ని 60కి దగ్గరగా దించుతుంది. బూస్టులో ఇగ్నిషన్ ప్రతి 0.1 బార్‌కు సుమారు ఒకటిన్నర డిగ్రీలు వెనక్కి రావాలి. స్పార్క్ ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది వేసి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకు తగ్గించాలి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లనిది, బాష్‌లో తగ్గితే చల్లనిది. ఈ తేడా తెలియక వేడి ప్లగ్గులు వేసి ఇంజన్ కాల్చుకున్నవాళ్లున్నారు. క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది గది) గొట్టానికి ఒక్కవైపే తెరుచుకునే వాల్వు లేకపోతే బూస్టు లోపలికి దూరి ఆయిల్ సీళ్లను బయటికి నెడుతుంది. బ్రేకు బూస్టర్ గొట్టంలో ఉండే వాల్వు కూడా ఒకసారి ఊది చూసుకోవాలి. అది లీకైతే బ్రేకు గట్టిపడుతుంది.

అన్నీ పెట్టాక మీటరు చెప్పేది కూడా గుడ్డిగా నమ్మకూడదు. మ్యానిఫోల్డ్ ఫ్లాంజి దగ్గరో వెల్డింగులోనో సన్నటి పగులుంటే ఐడిలింగులో బయటి గాలి లోపలికి పీలుస్తుంది, సెన్సర్ పలచన అంటుంది. సిలిండర్ మిస్ కొట్టినా (మంట అంటుకోకపోయినా) అంతే. మండని ఆక్సిజన్ బయటికి వస్తుంది కాబట్టి పెట్రోలు వరదైనా మీటరు పలచనే చూపిస్తుంది. ఇంకా పెట్రోలు పెంచితే ప్లగ్గులు తడిసి మరింత మిస్ కొడతాయి. లీకులకు సబ్బు నీళ్లు, మిస్‌కు ప్లగ్గులు చూశాకే పట్టికలో అంకె ముట్టుకోవాలి. పుల్లటి వాసన వచ్చే మామూలు సిలికాన్ గమ్మును ఇంజన్‌లో ఎక్కడా వాడొద్దు, దాని ఆవిరి కాలి సెన్సర్ మీద తెల్లటి పొరవుతుంది.

ఫుల్ థ్రాటిల్ పరుగు తీశాక ఇంజన్ వెంటనే ఆపి ప్లగ్గు విప్పి, పింగాణీని భూతద్దంలో చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య మెరిసే రేణువులు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం. ఆ రోజుకు పని ఆపేయాలి.

చివరిగా, వ్యాసంలో అసలే లేని విషయం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్లకు అనుమతించిన దారి ఉంది, ఇంట్లో కట్టిన టర్బోకు లేదు. బీఎస్ 4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు పొల్యూషన్ పరీక్షలో హై ఐడిల్‌లో (బండి నిలిపి ఇంజన్ వేగం పెంచినప్పుడు) లాంబ్డా 0.97, 1.03 మధ్య ఉండాలి. కన్వర్టర్ పీకేసి, వెనక సెన్సర్‌కు స్పేసర్ పెట్టి డాష్‌బోర్డు హెచ్చరిక దీపం ఆర్పుకున్నా ఆ పరీక్షలో పొగ దాగదు. పై వివరాలన్నీ రోడ్డెక్కని బండికి, ప్రైవేటు ట్రాకుకు మాత్రమే. ఈ సెక్షన్ల సంగతి, ఆక్సిజన్ సెన్సర్ గురించిన సవరణ వచ్చే వారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయాలని కోరుతున్నాం.

– కొందరు ఇంజన్ మెకానిక్కులు, ఆటో ఎలక్ట్రీషియన్లు
ఆటోనగర్, విజయవాడ