గొడవ ఉంగరం గురించి కాదురా

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, నీ మీద కాదు, ఆ రాత్రి మీ టేబుల్ దగ్గర మాంత్రికుడి మంట యోధుడికి తగిలి రేగిన గొడవ మీద. రెండోసారి చదివాక బాధేసింది. నువ్వు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు ఒక్కో క్యారెక్టర్‌గా మారి, డైస్ వేస్తూ ఆడే ఈ రోల్‌ప్లేయింగ్ ఆట కోసం నెలల తరబడి రాసుకున్న కథ, గీసుకున్న మ్యాపులు అన్నీ అటకెక్కించేస్తానంటున్నావు. ఆగు. ఆ పని చేసే ముందు ఇది పూర్తిగా చదువు. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను.

నువ్వు రాసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "మాంత్రికుడు, యోధుడు గొడవపడ్డారు, నేనేం చేయలేకపోయాను" అన్నావు. గొడవపడింది మాంత్రికుడూ యోధుడేనా? లేక ఆ క్యారెక్టర్లని ఆడుతున్న ఇద్దరు మనుషులా? ఇది తేల్చుకోకుండా ఏం చేసినా బెడిసికొడుతుంది. నాకు బెడిసికొట్టింది. ఆ కథ నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

నేను కథ నడిపిన మా పాత గ్రూపులో ఒకడు దొంగ క్యారెక్టర్ ఆడేవాడు, ఒక అమ్మాయి పూజారిణి ఆడేది. సమాధి గదిలో ఆ పూజారిణికి ఒక ఉంగరం దొరికింది. ఆ రాత్రి అందరూ నిద్రపోతుంటే దొంగ దాన్ని కొట్టేస్తానన్నాడు. డైస్ వేశాడు, ఇరవైకి 18 పడింది. రూల్ ప్రకారం దొంగతనం జరిగినట్టే. నేను ఒప్పేసుకున్నాను, అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. చేతిలో ఉన్న ఇరవై ముఖాల డైస్‌ని బొటనవేలితో ఒక్కో ముఖం తిప్పుతూ కూర్చుంది. ఆట అయ్యేదాకా అదే పని. నేను చూశాను, చూసి కూడా కథ నడిపించుకుంటూ పోయాను.

తర్వాతి వారం నేను చేసిన పని ఏంటంటే, దొంగకి బుద్ధి చెప్పాలని ఒక పెట్టె పెట్టాను. తెరిస్తే శాపం తగిలి కుడిచెయ్యి పడిపోతుంది. వాడు తెరిచాడు, చెయ్యి పోయింది. న్యాయం జరిగిందనుకున్నాను. వాడు తన క్యారెక్టర్ వివరాలు రాసుకున్న షీట్ పక్కన పెట్టి నా వైపు చూసి, "నీకు నా మీద కోపముంటే నాతో చెప్పొచ్చు కదా, నా క్యారెక్టర్‌ని ఎందుకు కొడతావు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ అమ్మాయి మొహంలో కూడా సంతోషం ఏమీ లేదు. కథలోని శిక్ష వల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు, పైగా ఇప్పుడు బాధపడేవాళ్ళు ఇద్దరయ్యారు.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఉంగరం విషయం ఎత్తగానే, "ఉంగరం పోతే పోయిందిలే. రెండు సెషన్ల నుంచి నేను నోరు తెరిచిన ప్రతిసారీ అతను అడ్డొస్తున్నాడు, నువ్వు కూడా వెంటనే అతని వైపు తిరుగుతున్నావు. నేనున్నానో లేనో నాకే తెలియట్లేదు" అంది. నిజంరా. నా పొరపాటే. గట్టిగా మాట్లాడేవాడి వైపు నా తల దానంతటదే తిరిగిపోయేది.

తర్వాత వాడితో విడిగా మాట్లాడాను. వాడేమన్నాడో తెలుసా? "ఎవరూ మాట్లాడకపోతే నువ్వు టెన్షన్ పడతావని నేను మాట్లాడుతున్నా" అన్నాడు. నాకు సాయం చేస్తున్నానని అనుకున్నాడు, పాపం. ఆ అమ్మాయి మౌనంగా ఉంటే కథ వింటూ ఆనందిస్తోందనుకున్నాడట. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఆ ఇద్దరి మధ్యలో కూర్చున్న నేను ఇద్దరినీ సరిగ్గా చూడలేదు, అంతే.

మూడోసారి కలిసినప్పుడు డైస్ బయటికి తీయకముందే అందరితో మాట్లాడాను. దొంగతనం సీన్, పెట్టె సీన్ రెండూ జరగనట్టే అనుకుందామన్నాను, ఒప్పుకున్నారు. కథని వెనక్కి తిప్పితే విలువ పోతుందని కొందరు గేమ్ మాస్టర్లు, అంటే మనలా ఆట నడిపేవాళ్ళు, భయపడతారు. ఏమీ పోలేదు. ఆ రోజు నుంచి మా టేబుల్ మీద ఒక రూల్ ఉంది: ఒక క్యారెక్టర్ ఇంకో క్యారెక్టర్ మీద ఏం చేయబోయినా, అది సఫలమైందా లేదా అన్నది డైస్ కాదు, అవతలి ప్లేయర్ చెబుతారు. "దొంగిలించనివ్వు, బాగుంటుంది" అంటే దొంగిలించొచ్చు. "వద్దు" అంటే పూజారిణికి మెలకువ వచ్చినట్టు. తర్వాత చాలా రోజులకి ఆ అమ్మాయే అడిగి మరీ తన పుస్తకాన్ని దొంగిలించమంది, తెలుసా! ఆ సీన్ అందరం గంటసేపు ఆడాం.

క్యారెక్టర్లు కొట్టుకోవడం తప్పని నేననట్లేదు. 1984లో వచ్చిన పారనోయియా గేమ్‌లో ఒకరినొకరు వెన్నుపోటు పొడుచుకోవడమే సరదా. అక్కడ అందరూ అది తెలిసే కూర్చుంటారు. ఒకడు స్నేహితుల సాహసం ఆడుతుంటే పక్కవాడు వెన్నుపోటు ఆట ఆడుతున్నప్పుడు వస్తుంది తంటా. అందుకే మొదటి సెషన్‌కి ముందు సెషన్ జీరో పెట్టుకోమని ఇప్పుడు అందరూ అంటున్నది. నువ్వు పెట్టలేదు కదా? పర్లేదు, మధ్యలో కూడా పెట్టుకోవచ్చు. ఎలాంటి ఆట కావాలి, ఏవి అసలు కథలోకి రాకూడదు, ఏవి వచ్చినా తెర వెనకే జరగాలి అన్నవి మాట్లాడుకోండి. ఈ చివరి రెండింటికీ లైన్స్ అండ్ వెయిల్స్ అని పేరు పెట్టింది రాన్ ఎడ్వర్డ్స్ అనే గేమ్ డిజైనర్. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ చెప్పిన ఎక్స్ కార్డ్ కూడా పెట్టుకో. కాగితం మీద ఎక్స్ గీసి టేబుల్ మధ్యలో ఉంచడమే. ఇబ్బందిగా ఉన్నవాళ్ళు దాన్ని తాకితే ఆ సీన్ తీసేస్తారు, కారణం అడగరు. కానీ ఒక్క మాట, నోరు తెరవలేని మనిషి ఒక్కోసారి కార్డు కూడా తాకలేడు. నువ్వు మొహాలు చూస్తూనే ఉండాలి.

మన గేమ్ మాస్టర్ కుర్చీలో ఒక చిక్కుందిరా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు అది యుద్ధాల ఆటల్లోంచి పుట్టింది. వాటిలో రెండు పక్షాలు, మధ్యలో రిఫరీ. మన గేమ్ మాస్టర్ ఆ రిఫరీ వారసుడే. అందుకే గొడవ రాగానే తీర్పు చెప్పాలని చెయ్యి దురద పెడుతుంది. గోడ ఎక్కగలడా లేదా, మంత్రం ఎంతదూరం పోతుంది, వీటికి తీర్పు చెప్పు, హాయిగా చెప్పు. రూల్ మీద వాదన రెండు నిమిషాలు దాటితే "ఇవాళ్టికి ఇలా, పుస్తకం తర్వాత చూద్దాం" అని ముందుకెళ్ళు. మనసు నొచ్చుకున్న మనిషి విషయంలో మాత్రం నువ్వు జడ్జివి కావు. ఆ టేబుల్ దగ్గర కూర్చున్న వాళ్ళలో నువ్వూ ఒకడివి.

ఇక మీ సంగతి. మాంత్రికుడు ఫైర్‌బాల్ అనే మంటల మంత్రం వేశాడు, ఆ ఇరవై అడుగుల మంటలో యోధుడు కూడా ఉన్నాడు. ఎంత దెబ్బ తగిలిందో తేల్చడానికి 8 డైస్ వేసేశాక యోధుడి ప్లేయర్ లేచి అరిచాడు. ఆ డైస్ పడకముందే ఆపాల్సింది. "మంట యోధుడికి కూడా తగులుతుంది, తెలిసే వేస్తున్నావా?" అని ఇతన్ని, "నీకు ఓకేనా?" అని అతన్ని అడిగితే చాలు. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. "నా క్యారెక్టర్ స్వభావమే అంత" అన్నాడట కదా. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. ఆ స్వభావాన్ని రాసుకున్నది తనే, మిత్రుల్ని కాల్చకుండా ఉండటానికి ఒక కారణం కూడా తనే రాసుకోవచ్చు. అతనికి ఈ మాట చెప్పు, కానీ విడిగా చెప్పు.

ఎంత మాట్లాడినా మారనివాళ్ళుంటారు. ఒకడు క్యారెక్టర్ నోటితో పక్కవాళ్ళని నిజంగానే అవమానించేవాడు. వెళ్ళిపొమ్మనడానికి మొహమాటపడి వారాలు గడిపాను. ఈలోపు ఇద్దరు మంచి ప్లేయర్లు రావడం మానేశారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. మీ మాంత్రికుడు అలాంటివాడని నీ ఉత్తరం చదివితే నాకనిపించలేదు, అయినా చూసుకో.

ఈ వారం సెషన్ పెట్టకు. గ్రూపులో మెసేజ్ కూడా పెట్టకు, అందరి ముందు ఎవరూ తగ్గరు. ముందు యోధుడి ప్లేయర్‌కి ఫోన్ చెయ్యి. తప్పెవరిదని మొదలుపెట్టకు. "ఆ రాత్రి నీకు ఎప్పటి నుంచి బాగాలేదు?" అని అడుగు. ఫైర్‌బాల్‌కి చాలా ముందు సంగతి ఏదో చెబుతాడని నా అనుమానం. చెప్పనీ, మధ్యలో సమాధానం ఇవ్వకు. నీ పేరు కూడా అందులో రావచ్చు, విను. తర్వాత మాంత్రికుడి ప్లేయర్‌తో మాట్లాడు.

మాట్లాడాక ఎలా ఉన్నా నాకు రాయి. మ్యాపులు మాత్రం అటకెక్కించకు. ఆ మునిగిపోయిన కోటలో మూడో తలుపు వెనక ఏముందో నాకింకా చెప్పలేదు నువ్వు.

ఉంటానురా.