ముప్పై రోజులు మీ గోడ మీద మా ఫొటో: రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటిది మీ పేషీకి వచ్చి స్వయంగా ఇచ్చాను. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అందినట్టు కార్డు కూడా వెనక్కి వచ్చింది. మూడోది ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీగా ఇస్తే పది రోజులకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని వెళ్లి అడిగాను. సంబంధిత శాఖకు పంపించాం కదా, అదే పరిష్కారం అన్నారు. ఆ సంబంధిత శాఖ మీదే. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను. అందరికీ కనబడేలా పెట్టడం మీ శాఖకు కొత్తేమీ కాదు కాబట్టి తప్పు పట్టరనుకుంటాను.

డిగ్రీలో ఉన్నప్పుడు మా కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యమైన వ్యక్తి స్వేచ్ఛ ఏది, ఎందుకు? నేను మాట్లాడే స్వేచ్ఛ అని రాశాను. రెండో బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ డబ్బా. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కానీ ఇవాళ అదే ప్రశ్న ఇస్తే ఆ జవాబు రాయను. ఎవరితో కలిసి బతకాలో నేనే ఎంచుకునే స్వేచ్ఛ అని రాస్తాను. ఆ మాట ఇంట్లో ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో కూడా నేనే చూసుకునే స్వేచ్ఛ అని దాని పక్కనే ఇంకో ముక్క రాస్తాను. బయట నోరు మూయిస్తే ఇంటికొచ్చి మాట్లాడుకుంటాం. ఓటు ఐదేళ్లకోసారి. ఇంట్లోనే నోరు పడిపోతే మనిషి ఎక్కడికి పోవాలి సార్?

మా ఇద్దరివి వేరే మతాలు. ఎవరి మతం వాళ్లకే ఉంచుకుని పెళ్లి చేసుకుందాం అనుకున్నాం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది మాలాంటి వాళ్ల కోసమే కదా. సెక్షన్ 5 కింద నోటీసు ఇచ్చాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లోపు చెప్పుకోవాలని సెక్షన్ 6 కింద మీవాళ్లు దాన్ని ఆఫీసులో గోడకు అంటించారు. పేర్లు, వయసులు, ఉద్యోగాలు, డోర్ నంబర్లతో సహా అడ్రసులు, పైన ఇద్దరి ఫొటోలు. నా శాశ్వత చిరునామా పాత నల్లగొండ జిల్లాలో ఉంది. అందుకని ఒక కాపీ అక్కడి ఆఫీసుకూ వెళ్లింది, అక్కడి గోడకూ ఎక్కింది.

మండల కేంద్రంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? బయట దస్తావేజు లేఖరుల బల్లలు, జిరాక్స్ షాపు, టీ బండి. లోపల స్లాట్ కోసం కూర్చున్న ప్లాట్ల వ్యాపారులు, సాక్షి సంతకాలకు వచ్చిన చుట్టాలు. ఊళ్లో పనిలేని వాళ్లు రచ్చబండ దగ్గర కూర్చుంటారు, పనున్న వాళ్లంతా అక్కడ కూర్చుంటారు. తొమ్మిదో రోజున మా చిన్నాయన ప్లాటు రిజిస్ట్రేషన్‌కి వెళ్లాడు. ఆయన స్లాట్ ఆలస్యమైంది. ఏమీ తోచక గోడ మీద కాగితాలు చదివాడు.

"ఏందే బిడ్డా, ఆఫీసు గోడ మీద నీ ఫొటో ఉంది?" అని ఫోన్ చేశాడు. ఆ ఫోన్ నాకు వచ్చేలోపే మా నాన్నకు నలుగురు చేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాన్న చెడ్డవాడు కాదు. ఆ అబ్బాయి సంగతి ఆయనకు సగం తెలుసు. "ఎవరే ఆ పిలగాడు, ఊకె ఫోన్ చేస్తడు" అని నవ్వుతూ అడిగాడు కూడా. దసరాకు ఊరెళ్లి, అమ్మ పక్కన ఉండగా, అన్నం తిన్నాక చెబుదాం అనుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా బస్సులో పదిసార్లు అనుకుని ఉన్నాను. కోప్పడేవాడు, రెండు నెలలు మాట్లాడేవాడు కాదు, తరువాత మెత్తబడేవాడని నా నమ్మకం. మీ గోడ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. పెళ్లి సంగతి నాన్నకు చెప్పింది నేను కాదు, ఊరు. ఊరు చెబితే నాన్న నాన్నగా వినలేడు, ఇంటిపేరు మోస్తున్న మగవాడిగా వింటాడు. మా పెదనాన్న కొడుకులు, కులపెద్దలు, జన్మలో ఎన్నడూ మా గడప తొక్కనివాళ్లు కూడా ఆ రాత్రి మా వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారట. "నీ బిడ్డ ఫొటో సర్కారు గోడ మీద ఉన్నది" అన్నది వాళ్ల ఆయుధం. అది మీ శాఖ ఇచ్చిందే.

అమ్మకు సీరియస్‌గా ఉందని హాస్టల్ నుంచి తీసుకెళ్లారు. అమ్మకు ఏమీ లేదు. నా ఫోన్ తీసుకున్నారు. పెద్దమ్మ వాళ్ల ఇంట్లో పై గదిలో 41 రోజులు ఉన్నాను. కిటికీకి ఎదురుగా వేపచెట్టు, దాని మీద ఒక కాకి గూడు. గూట్లో పిల్లలు ఎగిరిపోవడం కూడా చూశాను. ఇది కవిత్వం కోసం రాయడం లేదు, ఇంకేమీ చేయడానికి లేకపోయింది.

నోటీసు పెట్టిన 28వ రోజున మావాళ్లు అభ్యంతరం వేశారు, అమ్మాయికి మతిస్థిమితం లేదని. సెక్షన్ 4లో ఉన్న కారణాల్లో ఒకటి కావాలి కదా, ఎవరో లాయరు చూసి చెప్పి ఉంటాడు. ఎంకామ్ చదివి, నాలుగేళ్లుగా అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్న నాకు మతి లేదు. విచారణకు వచ్చి నాకు మతి ఉందని చెప్పుకుందామంటే నేను తాళం వెనక ఉన్నాను. పెద్దమ్మ కోడలు ఒకరోజు మెల్లగా తన ఫోన్ నా చేతిలో పెట్టకపోతే ఇవాళ ఈ ఉత్తరం ఉండేది కాదు. 100కు చేశాను. వచ్చిన ఎస్సై గారు ఏమన్నారంటే, "పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడుకోమ్మా." నాకు అప్పటికి 27 ఏళ్లు.

ఈ గొడవలన్నిటి నుంచి బయటపడేసరికి నోటీసు ఇచ్చి మూడు నెలలు దాటాయి. మూడు నెలల్లో పెళ్లి కాకపోతే పాత నోటీసు చెల్లదు, మళ్లీ ఇవ్వాలి. ఇచ్చాం. మళ్లీ ముప్పై రోజులు. మళ్లీ గోడ. మళ్లీ ఫొటో. ఈసారి నలుగురు స్నేహితుల ఇళ్లలో వారం వారం మారుతూ ఉన్నాం. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు చివరి రోజు ఫోన్ ఎత్తలేదు. వాళ్లను ఏమీ అనను, వాళ్లకూ అడ్రసులున్నాయి.

ఇక మీ ఆఫీసులో ఒక విచిత్రం. నా ప్లాటు మీద ఎవరి అప్పుందో చూసుకోవడానికి ఈసీ సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టాలి. నా దస్తావేజు నకలు నాకే కావాలన్నా ఫీజు కట్టాలి. కానీ సెక్షన్ 6 ప్రకారం వివాహ నోటీసు పుస్తకాన్ని ఎవరైనా, ఫీజు లేకుండా చూడవచ్చు. మీ దగ్గర ఉచితంగా దొరికేది ఒక్కటే సార్, ఇంట్లోంచి వచ్చేసిన ఆడపిల్ల అడ్రసు. తప్పుడు అభ్యంతరం వేసినవాడికి పడే ఖర్చులు ఎంతో తెలుసా? సెక్షన్ 9లో ఉంది, గరిష్ఠంగా 1,000 రూపాయలు. మావాళ్లకు అదీ పడలేదు.

రెండో పెళ్లిళ్లు ఆపడానికే ఈ నోటీసు అని మీ అధికారి ఒకరు నాకు ఓపికగా వివరించారు. ఒకే మతం వాళ్లు గుళ్లో పెళ్లి చేసుకుని హిందూ వివాహ చట్టం కింద నమోదుకు వస్తే ముప్పై రోజుల గోడ లేదు. వాళ్లలో రెండో పెళ్లిళ్లు లేవా? ఇంకా తమాషా ఏమిటంటే, మాలో ఒకరు మతం మార్చుకుని ఉంటే రెండు మూడు రోజుల్లో పెళ్లైపోయేది. అలా చేసుకున్న జంటలు నాకు తెలుసు. ఎవరి మతం వారికి ఉండనిద్దాం అనుకున్నందుకు మాకు ఈ శిక్ష. పెళ్లి కోసం మతమార్పిడులు వద్దని ఉపన్యాసాలు ఇచ్చే పెద్దలు ఒక్కసారి మీ నోటీసు బోర్డు ముందు నిలబడి ఆలోచించాలి.

ఇది కేంద్ర చట్టం, మా చేతుల్లో ఏముందమ్మా అంటారని తెలుసు. వివాహం ఉమ్మడి జాబితాలో ఉంది. రాష్ట్రం సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. అంత దూరం పోకపోయినా ఈ చట్టం కింద నియమాలు చేసే అధికారం సెక్షన్ 50 మీకు ఇచ్చింది. ఆఫీసులో అంటించమని చట్టం చెప్పింది నిజమే. ఫొటో పెట్టమని ఏ సెక్షన్ చెప్పిందో చూపించండి. తల్లిదండ్రులకు ఫోన్ చేయమని ఏ సెక్షన్ చెప్పింది? నోటీసును ఇంటికి పంపే పద్ధతి తప్పని 2009లోనే ఢిల్లీ హైకోర్టు చెప్పింది, దానివల్ల ప్రాణాలకే ముప్పు రావచ్చని కూడా చెప్పింది. 2020లో కేరళ ఈ నోటీసులను వెబ్‌సైట్‌లో పెట్టడం మానేసింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట రాతపూర్వకంగా కోరితేనే నోటీసు ప్రచురించాలి అంది. అది ఉత్తరప్రదేశ్ వాళ్ల అదృష్టం. ఇవే సెక్షన్ల మీద ఒకరు సుప్రీంకోర్టుకు వెళితే, మీరు బాధితులు కాదు కదా అని 2022లో కొట్టేశారు. బాధితులు కోర్టుకు ఎలా వస్తారు, దాక్కుని ఉంటారు కదా.

2018 మార్చి 27న అదే సుప్రీంకోర్టు ఇలాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాలని, రక్షణ గృహాల సంగతీ చూడాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆరు నెలలు నిండకముందే, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఆస్పత్రి బయట గర్భిణి అయిన భార్య కళ్లముందే ఒక యువకుణ్ణి నరికేశారు. 2022 మేలో సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఇంకొకరిని. మేము తలదాచుకునే చోటు కోసం అడిగితే, ఆడవాళ్లకైతే ఐదు రోజులు ఉండనిస్తాం, అబ్బాయి సంగతి మాకు తెలియదన్నారు. ఐదు రోజులు ఎక్కడ, ముప్పై రోజులు ఎక్కడ? ఒక చేత్తో కులాంతర వివాహాలకు రెండున్నర లక్షల ప్రోత్సాహకం, ఇంకో చేత్తో గోడ మీద ఫొటో. చంపడానికి వచ్చేవాడికి వెతుక్కునే శ్రమ తగ్గించడం కూడా ప్రోత్సాహకమే అనుకోవాలి, ఎవరికి అన్నదే తేడా.

మంత్రి గారూ, కోపంలో మాట జారి ఉంటే పెద్ద మనసుతో మన్నించండి. పెద్దగా ఏమీ అడగడం లేదు. ఫొటో తీసేయండి. డోర్ నంబర్ తీసేయండి. ఇంటికి ఫోన్ చేయవద్దని ఒక సర్క్యులర్ ఇవ్వండి, ఒక పేజీ చాలు. ఢిల్లీకి ఒక ఉత్తరం రాయండి. ఫొటో మాత్రం ముందు తీసేయండి.

నా గురించి కాదు. మా పెళ్లి అయిపోయింది. అమ్మ ఫోన్ చేస్తుంది, నాన్న పక్కనే కూర్చుని వింటాడు కానీ మాట్లాడడు. నాతో పనిచేసే అమ్మాయి నోటీసు ఇచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆమె సొంతూరు కూడా మండల కేంద్రానికి దగ్గరే. నా రెండో ఉత్తరం మీకు అందిన రోజు చర్య తీసుకుని ఉంటే ఆమె ఫొటో ఇప్పుడు గోడ మీద ఉండేది కాదు. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఆ సర్క్యులర్ మీద మీ సంతకానికి ఎన్ని రోజులు పడుతుందో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
పేరు, అడ్రసు ఇక్కడ రాయడం లేదు. మీ ఆఫీసు పుస్తకంలో రెండుసార్లు ఉన్నాయి. ఫీజు లేకుండా చూసుకోవచ్చు.