తాల్ముద్‌లో ఒక్క పేజీ అయినా చూశారా?

సంపాదకుడికి,

గత నెల ఆదివారం అనుబంధంలో మనస్తత్వ పరిశోధన మీద వచ్చిన వ్యాసానికి ఎవరో ఒకరు జవాబు రాస్తారని ఇన్నాళ్లూ చూశాను. ఎవరికీ పట్టినట్టు లేదు.

ఆ వ్యాసం ప్రకారం, యూదు మతపండితుల చర్చలన్నీ కూర్చిన ప్రాచీన గ్రంథం తాల్ముద్ ఒట్టి నియమాల పుస్తకమట, దాన్ని పట్టుకుని మనసును పరిశోధించడమంటే సైన్సులోకి మతాన్ని దొంగదారిన తేవడమట. రచయితగారు తాల్ముద్‌లో ఒక్క పేజీ అయినా చూశారా? నడిమధ్య మూలం, ఒక పక్క 11వ శతాబ్దపు పండితుడు రాషీ వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆ రాషీనే తప్పుపట్టే అతని మనవళ్ల, తర్వాతి పండితుల వాదనలు! అందులో వాదించుకునే రెండు పండిత వర్గాల్లో హిల్లెల్ వర్గం మాట నెగ్గినా, ఓడిన షమ్మాయి వర్గం మాటను కొట్టేయలేదు, పక్కనే ఉంచారు. యెరూషలేములో కలలకు అర్థం చెప్పేవాళ్లు 24 మంది ఉండేవారట. ఒక రబ్బీ (యూదు మతగురువు) ఒకే కలను అందరికీ చెబితే 24 అర్థాలు వచ్చాయి, అన్నీ నిజమయ్యాయి అంటుంది తాల్ముద్‌లోని బెరఖోత్ భాగం. ఒక్క గడిలో టిక్కు పెట్టించి మనిషిని తేల్చేసే మన పరిశోధకులు దీని గురించి కాస్త ఆలోచించకూడదా?

అదే తాల్ముద్‌లో, బందిపోటుగా బతికి పండితుడైన రేష్ లాకిష్, నిజంగా పశ్చాత్తాపపడితే చేసిన పాపాలే పుణ్యాలవుతాయన్నాడు. హీబ్రూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మొర్దెఖాయ్ రోటెన్‌బర్గ్ ఇలాంటి ఆలోచనల మీదే, మనిషి తన గతాన్ని కొత్తగా చదువుకోవచ్చన్న సిద్ధాంతం కట్టారు. దాన్ని వేదవాక్కుగా తీసుకోమనను. పరీక్షించి చూడమంటున్నాను, సైన్సు చేసేది అదేగా.

పైగా ఆ వ్యాసంలో, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌ని 'జర్మన్ క్రైస్తవ వైద్యుడు' చేసేశారు! 35వ పుట్టినరోజుకి తండ్రి హీబ్రూలో రాసి బైబిల్ ఇచ్చిన యూదుడాయన. దాదాపు బతుకంతా వియన్నాలో గడిపి, 1938లో నాజీల బారి నుంచి తప్పించుకుని లండన్ చేరాడు. ఎక్కడో దాకా ఎందుకు, గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులే ఉన్నారు. ఫోన్ చేసినా చెప్పేవారు.

ప్రూఫులు దిద్దేవాళ్లు పత్రికల్లోంచి ఎప్పుడో పోయారు. విశ్వవిద్యాలయాల సంగతీ అంతే. పరాయి దేశపు ప్రశ్నావళిని తెలుగు చేసి, క్లాసులో పిల్లల చేత నింపించి, డాక్టరేట్ అంటున్నారు. అధ్యాపకుల ఖాళీలు ఎప్పుడు నింపుతారని అడిగితే ఫైలు కదులుతోందంటారు. మా రోజుల్లోనూ కదులుతూనే ఉండేది.

కనీసం ఫ్రాయిడ్ సంగతైనా సవరించి వేయండి. పోయినసారిలా క్లాసిఫైడ్స్ కింద కాదు.

- ఒక విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి